టీ-మ్యాక్స్ 3.3 నైట్రో ట్రక్కు: ఒక టూవీలర్ మెకానిక్ రివ్యూ

బెంగళూరు కృష్ణరాజపురంలో నాకు టూవీలర్ షెడ్డు ఉంది. సొంతూరు మదనపల్లె. ఆర్‌ఎక్స్ 100 బండ్లు ఇప్పటికీ ట్యూనింగుకి నా దగ్గరికి వస్తుంటాయి. అందుకే రిమోటుతో నడిపే ఈ చిన్న ట్రక్కు, ట్రాక్సాస్ కంపెనీ వాళ్ల టీ-మ్యాక్స్ 3.3, కొని షెడ్డులో పెట్టగానే మా కుర్రాడు "ఎంతన్నా, నీకు పది నిమిషాల పని" అన్నాడు. వాడన్నదాంట్లో సగం నిజమే. ఇది కూడా టూ స్ట్రోకే, కార్బురేటరూ ఉంది, నూనె ఇంధనంలోనే కలిసి ఉంటుంది. మిగతా సగం గురించే ఈ రివ్యూ.

ముందు బండి గురించి. అసలు బండిలో పదో వంతు (1/10) సైజు మాన్‌స్టర్ ట్రక్కు, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది, రివర్స్ గేరు ఉంది. టీ-మ్యాక్స్ పేరుతో మొదటి బండి 1999లో వచ్చింది. ఇందులోది 3.3 సీసీ ఇంజిన్. తాడు లాగే పని లేదు. స్పార్కు ప్లగ్గు బదులు ఇందులో వేడి తీగతో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్గు ఉంటుంది. చేతిలో పట్టుకునే స్టార్టరు ఆ ప్లగ్గునీ వేడి చేస్తుంది, ఇంజిన్నీ తిప్పుతుంది. ప్లగ్గు కాలిపోతే స్టార్టరు మీది లైటు వెలగదు కాబట్టి ఊరికే తిప్పి తిప్పి బ్యాటరీ అరగదీసుకునే బాధ లేదు. ఆ ఒక్క ఏర్పాటుకి నా ఓటు. ధర మాత్రం మంచి కండిషన్లో ఉన్న పాత యాక్టివా వచ్చేంత అవుతుంది, ఇంట్లో ముందే చెప్పి కొనండి.

ఇంజిన్ సంగతికి వద్దాం. పిస్టన్‌కి రింగులు ఉండవు. పిస్టన్ ఆడే గొట్టం, అంటే స్లీవు, పైకి వెళ్లేకొద్దీ కాస్త సన్నబడుతుంది, పిస్టన్ ఆ పైభాగంలో బిగుసుకుని కంప్రెషన్ ఇస్తుంది. ఇంజిన్ వేడెక్కాక స్లీవు వ్యాకోచించి సరైన సందు ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే పైన పట్టేసినట్టు ఉంటుంది, అది లోపం కాదు, కొత్త ఇంజిన్ లక్షణమే. డిసెంబరు పొద్దున బెంగళూరు చలికి స్టార్టరు కూడా మూలిగింది. ఇంట్లో హెయిర్ డ్రయ్యరు తెచ్చి ఇంజిన్ హెడ్డుకి పట్టాక గానీ దారికి రాలేదు. ఆ డ్రయ్యరు ఇప్పుడు షెడ్డుదే, మా ఆవిడకి కొత్తది కొనివ్వాల్సొచ్చింది.

మన పాత బండ్ల వెనక "రన్నింగ్ ఇన్" అని రాసుకుని నెమ్మదిగా తిరిగేవాళ్లం గుర్తుందా? ఇక్కడ ఆ పని కిలోమీటర్లతో కాదు, ట్యాంకులతో లెక్క. మాన్యువల్ ఐదు ట్యాంకులు చెబుతుంది. మొదట పావు థ్రాటిల్‌తో రెండు సెకన్లు పోనిచ్చి, బ్రేకు వేసి, మళ్లీ పోనివ్వడం. తర్వాత సగం థ్రాటిల్, చివరికి ఫుల్. మధ్యలో ఇంజిన్ ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారేటప్పుడు పిస్టన్ కింద ఉండాలి, పైన ఉంటే స్లీవు దాన్ని పట్టుకునే చల్లారుతుంది. ఫ్లైవీల్ మీద ముందే మార్కరుతో గీత గీసుకుంటే పిస్టన్ కిందికి వచ్చిందో లేదో తెలుస్తుంది. స్టాండు మీద పెట్టి ఐడిల్లో ట్యాంకులు కాల్చేస్తే చాలనేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. స్లీవు తగినంత వేడెక్కకుండా తిప్పితే పిస్టన్ ప్రతిసారీ ఆ బిగువులో రాపాడి అరిగిపోతుంది. వేడెక్కాలి, చల్లారాలి, మళ్లీ వేడెక్కాలి. ఓపిక లేనివాళ్లు బ్యాటరీ ట్రక్కు కొనుక్కోవడం మేలు.

అసలు కష్టం ట్యూనింగులో. టూవీలర్ మెకానిక్ చెయ్యి ఎప్పుడూ మిక్చర్‌లో ఇంధనం తగ్గించేవైపే పోతుంది. పొగ తగ్గింది, పికప్ పెరిగింది అంటే కస్టమరు సంతోషిస్తాడు. ఈ ఇంజిన్‌కి మాత్రం మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిపిన ఇంధనమే తిండి, అదే నూనె, చల్లబరచడంలో సగం పని కూడా దానిదే. కార్బురేటర్లో ఇంధనం పాళ్లు మార్చే సూదిని బిగిస్తే ఇంధనంతో పాటు నూనె కూడా తగ్గుతుంది. ఇంజిన్ చచ్చే ముందు మహా జోరుగా పరిగెడుతుంది, ఆ జోరు చూసి మురిసిపోకూడదు. ఫుల్ థ్రాటిల్లో వెనక సన్నటి నీలం పొగ గీత కనపడాలి. ముద్దగా పొగ కక్కుతూ దగ్గుతుంటే రిచ్, అంటే గాలికి ఇంధనం ఎక్కువైనట్టు. పొగే లేకుండా కీచుమంటూ పోయి మధ్యలో నీరసిస్తే లీన్, అంటే ఇంధనం తక్కువైనట్టు, వెంటనే థ్రాటిల్ వదలండి.

సూది తిప్పేటప్పుడు ఒక తిప్పులో పదహారో వంతు చాలు. కుడికి తిప్పితే లీన్, ఎడమకి తిప్పితే రిచ్. ఇంజిన్ బాగా వేడెక్కాక ముందు హై స్పీడ్ సూది, తర్వాత లో స్పీడ్, ఆఖర్న ఐడిల్ స్క్రూ. లో స్పీడ్‌కి ఒక పరీక్ష ఉంది: ఐడిల్లో ఉండగా కార్బురేటర్ దగ్గర ఫ్యూయల్ పైపు నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లు తిరిగి, వేగం కొద్దిగా పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. నొక్కగానే చస్తే లీన్, ఇంకా లాగుతూ ఉంటే రిచ్. వేడి చూడ్డానికి ఎస్పీ రోడ్డులో ఒక టెంపరేచర్ గన్ కొన్నాను. గ్లో ప్లగ్గు దగ్గర చూడాలి. 93 నుంచి 132 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే టెన్షన్ లేదు. గన్ లేకపోతే హెడ్డు మీద నీటి చుక్క వేయండి, ఆవిరవడానికి మూడు నుంచి ఐదు సెకన్లు పట్టాలి. చుయ్యిమని ఎగిరిపోతే ఆపేయండి.

చెన్నై అంబత్తూరులో మా బావకీ ఇదే బండి ఉంది. "బావా, నా సూది ఎన్ని తిప్పులుందో చెప్తా, అదే పెట్టెయ్, మళ్లీ ఎందుకు కష్టం" అని ఫోన్లో అంటాడు. కుదరదు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం చెన్నై కంటే దాదాపు 10 శాతం తక్కువ. అక్కడి సెట్టింగ్ ఇక్కడ రిచ్ అవుతుంది, దానివల్ల మహా అయితే బండి మందంగా పోతుంది, నష్టమేమీ లేదు. ఇక్కడ బాగా సెట్ చేసిన బండిని అలాగే చెన్నై తీసుకెళ్తే మాత్రం లీన్ అవుతుంది, ప్రమాదం అందులోనే ఉంది. ఎవరైనా తిప్పుల లెక్క చెబితే అది ఏ ఊళ్లో, ఏ నెలలో అని అడగండి.

ఇంధనం గురించి ఒక ఫిర్యాదు. ఒక షాపులో ఇచ్చిన డబ్బా మూత సీలు ఊడి ఉంది. మిథనాలు గాలిలోని తేమని లాగేసుకుంటుంది. ఆ డబ్బాతో ఐడిల్ ఒక్క చోట నిలవలేదు, కొత్త డబ్బా పోయగానే నిలిచింది. అడిగితే "ఎవరూ కంప్లయింట్ చేయలేదు సార్" అన్నారు. సీలు చూసి కొనండి. ఇంకోటి, మిథనాలు విషం, పగటి వెలుతురులో దాని మంట కంటికి ఆనదు. పిల్లల చేతికి రిమోటు ఇస్తే ఇవ్వండి గానీ ఇంధనం సీసా ఇవ్వకండి. నేను వాడే ఇంధనంలో ఆముదం కూడా ఉంది, తిప్పిన రోజంతా చొక్కా ఆ వాసనే. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండే ఆముదం ఇలాంటి పనికీ వస్తుందని అప్పుడే తెలిసింది.

అపార్ట్‌మెంట్ దగ్గర తిప్పుదామనుకునేవాళ్లు ఈ బండి జోలికి రావద్దు, మొదటి ట్యాంకు అయ్యేలోపే అసోసియేషన్ వాళ్లు దిగుతారు. మేం హొసకోట అవతల తెలిసినవాళ్ల ఖాళీ స్థలానికి పోతాం. ఇంటికొచ్చాక ట్యాంకులో మిగిలింది తీసేసి, ప్లగ్గు విప్పి, లోపల తుప్పు పట్టకుండా ఆఫ్టర్ రన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి తిప్పి పెట్టాలి. ఎయిర్ ఫిల్టరు కడిగి, నూనె పట్టించాలి. ఇదంతా విసుగు అనిపించేవాళ్లకి ఈ బండి రెండో నెలకే అటక ఎక్కుతుంది. నాకైతే తిప్పడం కంటే ఇదే ఎక్కువ నచ్చింది, అది నా వృత్తి జబ్బు కావచ్చు.

సంక్రాంతికి బావ తన బండితో వచ్చాడు. ఇక్కడి గాలికి సరిపడేలా సూది బిగిస్తే బండి పరుగు చూసి ఆశ్చర్యపోయాడు. వెళ్లేటప్పుడు మళ్లీ వెనక్కి తిప్పి ఇస్తుంటే గొణిగాడు. అంబత్తూరు చేరి ఫోన్ చేశాడు, పొగ ఎక్కువగా వస్తోందట. "రానీ బావా. మధ్యాహ్నం బాగా వేడెక్కాక గన్ పెట్టి చూడు, అప్పుడు పదహారో వంతు తిప్పు, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ వద్దు" అన్నాను.