క్యాట్‌బ్యాకా, డౌన్‌పైపా? పొల్యూషన్ టెస్ట్ కూడా పాసవ్వాలంటే ఏది మేలు

నా కారుకి క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే క్యాట్, దాని వెనకున్న గొట్టాలు) వేయించిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే. "టర్బో కారు కదా, డౌన్‌పైప్ వదిలేసి వెనక గొట్టాలు మారిస్తే ఏం లాభం?" పవర్ ఒక్కటే చూసుకుంటే వాళ్ళ మాట నిజమే. టర్బో కారులో పొగకు పెద్ద అడ్డు డౌన్‌పైప్ దగ్గరే, అంటే టర్బో నుంచి దిగే, క్యాట్ ఉండే గొట్టం దగ్గరే. కానీ నా కారు రోజూ రోడ్డు మీద తిరగాలి, గడువు వచ్చినప్పుడల్లా పొల్యూషన్ టెస్ట్ పాసవ్వాలి. టెస్ట్‌కి ముందు పాత పార్టులు బిగించి, అయ్యాక మళ్ళీ విప్పే ఓపిక నాకు లేదు. అందుకే నేను మొదట చూసేది ఒక్కటే: మార్పు చేశాక కూడా క్యాట్ ఎప్పటిలాగే వేడెక్కి పని చేస్తుందా?

క్యాట్ సరిగ్గా పని మొదలుపెట్టాలంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకే ఇప్పటి కార్లలో దాన్ని టర్బోకి ఆనించినట్టు పెడతారు. కంపెనీ క్యాట్‌లో చాలావరకు చదరపు అంగుళానికి పొగ వెళ్ళే సన్నటి గదులు 400 నుంచి 600 ఉంటాయి. హై-ఫ్లో అని అమ్మేవాటిలో ఎక్కువగా 200, కొన్నిట్లో 100. గదులు తగ్గితే పొగ తేలిగ్గా బయటపడుతుంది. కానీ పొగను శుభ్రం చేసే లోపలి పూతా తగ్గుతుంది, ఆ పూత దాచుకోగల ఆక్సిజనూ తగ్గుతుంది. క్యాట్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కనిపెట్టేది సరిగ్గా దాన్నే. క్యాట్ బాగుంటే ఆ సెన్సర్ రీడింగ్ నిలకడగా ఉంటుంది. బలం తగ్గితే పైకీ కిందికీ ఊగుతుంది. అప్పుడు కంప్యూటర్ పీ0420 కోడ్ పెట్టి చెక్ ఇంజిన్ లైట్ వెలిగిస్తుంది.

నా పాత కారులో ఇదే జరిగింది. 200 గదుల క్యాట్ ఉన్న డౌన్‌పైప్ వేయించాను. టర్బో త్వరగా అందుకునేది, తొక్కగానే లాగేది. ఆ హుషారు నాకింకా గుర్తుంది. టెస్ట్‌లో గొట్టం చివర కొలిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు హద్దులోనే ఉన్నాయి. అయినా ఫెయిల్ చేశారు, లైట్ వెలుగుతోంది కాబట్టి. వెనక సెన్సర్‌కి స్పేసర్ పెడదామని వర్క్‌షాప్‌లో అన్నారు. స్పేసర్ చేసేదల్లా సెన్సర్‌ని పొగ దారిలోంచి కాస్త వెనక్కి లాగడమే. లైట్ ఆరిపోతుంది, క్యాట్ మాత్రం బాగుపడదు. చాలా చోట్ల అది చట్టవిరుద్ధం కూడా. నాకు మనసొప్పలేదు. పాత డౌన్‌పైప్ మళ్ళీ పెట్టించాను.

ట్యూన్‌లో (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పులో) వెనక సెన్సర్ ఆపేయించడం, టెస్ట్ రోజు పొద్దున్నే కోడ్ చెరిపేయడం గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో 1996 నుంచి, యూరప్ పెట్రోల్ కార్లలో 2001 నుంచి ఓబీడీ (కారు తన లోపాలను తానే కనిపెట్టే వ్యవస్థ) తప్పనిసరి. ఓబీడీ చదివే టెస్ట్‌లో లైట్ ఒక్కటే చూసి వదిలేయరు. కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందా అని రెడీనెస్ మానిటర్లు కూడా చూస్తారు. కోడ్ చెరిపితే అవన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. క్యాట్ మానిటర్ పూర్తవ్వాలంటే చల్లటి ఇంజిన్‌తో బయల్దేరాలి, కొంతసేపు నిలకడైన వేగంతో నడపాలి. ఇలా కొన్ని రోజులు పట్టొచ్చు.

క్యాట్‌బ్యాక్‌తో ఈ టెన్షన్ లేదు. పేరులోనే ఉన్నట్టు మార్పంతా క్యాట్ తర్వాతే. క్యాట్ చోటు మారదు, వేడి మారదు, ట్యూన్ అక్కర్లేదు. పవర్ పెద్దగా పెరగదని ముందే ఒప్పుకుంటాను. ఐదో పదో హార్స్‌పవర్ వస్తే గొప్పే. మారేది శబ్దం, కాస్త బరువు. నాకు కావలసిందీ ఆ శబ్దమే. రిజనేటర్ (రొద తగ్గించే డబ్బా) లేని తిన్నటి గొట్టం మాత్రం వద్దు. హైవే మీద 2000, 3000 ఆర్‌పీఎం మధ్య కారు లోపలంతా ఒకటే రొద, గంటసేపటికి తల పగిలిపోతుంది. నేను తీసుకున్నది వాల్వ్ ఉన్నది. వాల్వ్ మూస్తే దాదాపు కంపెనీ సైలెన్సర్ అంత నెమ్మది. శబ్దానికి వేరే హద్దు ఉన్న చోట ఇది చాలా అవసరం, ఎందుకంటే పొగలో పాసైన కారు శబ్దంలో ఫెయిలవ్వచ్చు.

జాయింట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. గ్యాస్కెట్ కొత్తది వేయించండి. చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, టెస్ట్ మెషిన్‌లో లాంబ్డా (గాలి, ఇంధనం పాళ్ళ లెక్క) పెరిగిపోతుంది. చాలా టెస్టుల్లో అది 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోయినా వదులు క్లాంప్ ఒక్కటి చాలు, ఫెయిల్ చేయడానికి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యాక్సిల్‌బ్యాక్ అంటే వెనక డబ్బా ఒక్కటే మార్చడం. డబ్బు తక్కువైతే అదీ మంచిదే. లాంగ్‌ట్యూబ్ హెడర్లు (ఇంజిన్ నుంచి పొగను తెచ్చే పొడవాటి గొట్టాలు) టర్బో లేని కార్లకు పవర్ ఇస్తాయి, కానీ క్యాట్‌ని ఇంజిన్‌కి దూరం చేస్తాయి, పైన చెప్పిన తిప్పలన్నీ మళ్ళీ వస్తాయి. 2018 తర్వాత యూరప్ కోసం చేసిన చాలా టర్బో పెట్రోల్ కార్లలో పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలో మసిని పట్టేది) ఉంటుంది. దాని వెనక నుంచే మార్చండి. క్యాట్ పూర్తిగా తీసేయడం గురించి నన్ను అడగొద్దు.

ఇంత చెప్పినా డౌన్‌పైపే కావాలంటే 300 లేదా 400 గదుల మంచి క్యాట్ ఉన్నది చూసుకోండి, పాతది అమ్మకుండా దాచుకోండి. టెస్ట్‌కి రెండు వారాల ముందే స్కానర్‌తో మానిటర్లు చూసుకోండి. ఏ ఎగ్జాస్ట్ ఉన్నా సరే, టెస్ట్ రోజు ఓ అరగంట బాగా నడిపి, ఇంజిన్ వేడి మీద ఉండగానే వెళ్ళండి. క్యూలో చాలాసేపు నిలబడితే క్యాట్ చల్లారిపోతుంది. మీ వంతు వచ్చే ముందు రెండు మూడు నిమిషాలు 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి.