ఇంటి పాడికి ఆవు కట్టాలా, గేదెను కట్టాలా?

గేదె పాలలో వెన్న 6–8 శాతం, నాటు ఆవు పాలలో 4–5. పెరుగు గడ్డలా తోడుకోవాలంటే గేదె పాలే. కానీ ఎండాకాలం దాని అవస్థ చూడలేం. నల్లటి తోలు, పైగా చెమట తక్కువ పడుతుంది. మధ్యాహ్నానికి నాలుక బయటపెట్టి రొప్పుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. చెరువు ఎండిన ఏడాది పూటకు నాలుగు బిందెలు దాని వీపు మీదే పోశాం. ఆ ఎండకు పాలు తగ్గుతాయి. ఎదకొచ్చినా, అంటే జతకట్టే వేళ వచ్చినా, అరవదు, మూగెద. తెల్లవారుజామునే లేచి కనిపెట్టుకోవాలి.

ఆవుకు వేపచెట్టు నీడ చాలు, నెమరేస్తూ గడిపేస్తుంది. ఎదకొస్తే అరిచి చెబుతుంది. చూలు 9 నెలలు దాటగానే ఈనుతుంది, గేదెకు 10 నెలల పైనే.

వానలు పడి గట్ల మీద పచ్చగడ్డి లేచాక మాత్రం పాలకు గేదే. దగ్గర్లో చెరువుంటే గేదెను, లేకపోతే ఆవునే కట్టండి.