పిట్టల లెక్కకు పోతే లాడ్జి గేటు తియ్యలేదు

కాకినాడకు పిట్టల్ని లెక్కపెడదామని వెళ్లి నేను ముందు లెక్కపెట్టింది లాడ్జి గేటు తాళాలు. రెండు. వాటి మీద ఒక గొలుసు.

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. మన దగ్గర 1987 నుంచీ ఉంది. జీతం భత్యం లేని పని. బైనాక్యులర్, కాస్త ఓపిక ఉంటే పేరు ఇచ్చుకోవచ్చు. ఈసారి నాకు కోరంగి మడ అడవుల వైపు పడింది. తోడుగా మా బావమరిది వచ్చాడు. వాడికి పిట్టల మీద ఏ ఆసక్తీ లేదు, కాజాల కోసం వచ్చాడు. రాత్రి గౌతమి ఎక్కి పొద్దున్నే దిగాం. ఆ రోజంతా శిక్షణతో సరిపోయింది.

ఇక లాడ్జి. ఫోన్లో చూపించింది రోజుకి 1,350. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఏసీకి ఇంకో 300, వేడినీళ్లు బకెట్‌కి 30, అడ్వాన్సు 500. పోనీలే అనుకున్నా. తెల్లవారుజామున 4:20కి బయల్దేరాలని రాత్రి మేనేజరుకి రెండుసార్లు చెప్పాను. "ఎప్పుడైనా లేపండి సార్, వాచ్‌మన్ ఉంటాడు" అన్నాడు. వాచ్‌మన్ ఉన్నాడు, నిద్రలో. తాళంచెవులు మాత్రం మేనేజరు ఇంట్లో ఉన్నాయి! ఫోన్ ఎత్తడు. మా బావమరిది గోడ దూకేద్దామని ఒక కాలు పైకి వేసి, మళ్లీ దించాడు. చివరికి గేటు తెరుచుకునేసరికి 5:05.

ఆ ముప్పావు గంటకే అంత గొడవేంటి అనిపించొచ్చు. ఆటు వేళ బురద మేటలన్నీ బయటపడతాయి, పిట్టలు కనుచూపు మేర చెదిరిపోయి మేస్తుంటాయి. పోటెక్కితే మేటలు మునిగిపోయి, మిగిలిన కాస్త ఇసుక దిబ్బ మీదకి అన్నీ చేరతాయి. లెక్కపెట్టాల్సింది అప్పుడే. ఆ రోజు నిండు పోటు ఎనిమిదిన్నరకి. మేం రేవుకి చేరేసరికి మా బృందం బోటు వెళ్లిపోయింది.

టెన్షన్‌తో అటూ ఇటూ తిరుగుతుంటే ఒక పెద్దాయన వల సర్దుకుంటూ అడిగాడు. "పిట్టల వాళ్లాండీ? ఎక్కండి బాబూ. డీజిల్‌కి ఎనిమిదొందలు ఇచ్చేయండి చాలు."

దిబ్బ ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజన్ ఆపేసి గెడ వేశాడు. సూర్యుడు మా వీపు మీద పడేలా పడవ తిప్పాడు. "దగ్గరికెళ్తే లేచిపోతాయండి. లేస్తే ఇంక అక్కడ వాలవు." ముందు రోజు శిక్షణలో రెండు గంటలు చెప్పింది ఇదే.

అక్కడే మొదటిసారి ఇండియన్ స్కిమ్మర్లని చూశాను. వీపు నలుపు, పొట్ట తెలుపు, నారింజ రంగు ముక్కు. కింది ముక్కు పైదానికన్నా పొడుగు. నీటిని ఆనుకుని ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీళ్లని కత్తెరలా చీల్చుకుంటూ పోతాయి, చేప తగలగానే టప్పున మూసేస్తాయి. వేసవిలో చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. అదంతా ఆయనకి తెలియదు. "చలికాలం చుట్టాలండి. మామిడి పిందె పడ్డాక కనపడవు" అన్నాడు. 31 ఉన్నాయి.

చిన్న ఉల్లంకుల గుంపుని పదేసి చొప్పున కట్టుకుంటూ 180 అని రాసుకున్నా. ఆయన వట్టి కళ్లతో చూసి "రెండొందలు దాటాయండి. వెనకాల పడుకున్నవి మీరు చూళ్లేదు" అన్నాడు. ఇంటికొచ్చాక ఫొటో పెద్దది చేసి లెక్కపెడితే 214.

తిరుగు దారిలో పాయలోకి తిప్పాడు. మడాకు ఒకటి తుంచి మా వాణ్ణి నాకమన్నాడు. ఉప్పన! వేర్లు పీల్చిన ఉప్పుని ఆకు బయటికి నెట్టేస్తుంది. మా వాడు ఉత్సాహంగా పక్క చెట్టు మీద చెయ్యి వెయ్యబోతే చటుక్కున లాగేశాడు. అది తిల్ల, పాలు కంట్లో పడితే కళ్లు పోతాయట. 1839 తుపానులో తుడిచిపెట్టుకుపోక ముందు కోరంగి ఓడలు కట్టే రేవు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. ఆ సంగతి ఎత్తితే "మా తాతలూ రంగం వెళ్లినోళ్లేనండి" అని ఊరుకున్నాడు. రంగం అంటే రంగూన్.

పదకొండున్నరకి వాళ్లింట్లో పీతల పులుసు. ఆయన భార్య పీత కాళ్లని రోకలితో ఒక్క దెబ్బ కొట్టి మా కంచాల్లో వేస్తూనే ఉంది. అప్పటిదాకా మొహం ముడుచుకున్న మా బావమరిది మూడోసారి అన్నం పెట్టించుకుని, "బావా, వచ్చే ఏడు కూడా వద్దాం" అన్నాడు. డబ్బు వద్దంటే వద్దన్నారు. బలవంతాన 400 చేతిలో పెట్టాం.

సాయంత్రం ఫారం నింపేటప్పుడు లెక్కించినవాళ్ల వరుసలో ఆయన పేరు రాశాను. "పడవ నడిపారు కదండీ, సహాయకుల్లో రాయండి" అన్నాడు బృందం పెద్ద. కొట్టెయ్యలేదు, అలాగే ఇచ్చేశా. మర్నాడు మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచాం. బాగుంది, సెల్ఫీల రద్దీ ఎక్కువ.

వెళ్లేవాళ్లు పోటు వేళ ముందే కనుక్కోండి. పడవకి రేవులో జాలరినే అడగండి. లాడ్జిలో గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో ఆ మనిషిని చూశాకే డబ్బు కట్టండి. మాకు రెండు రాత్రులకి 3,420 అయింది. అడ్వాన్సు 500 ఇవ్వలేదు, దుప్పటికి బురద అంటించామట. బురద అంటిన మాట నిజమే. కానీ అది కోరంగిది కాదు, వాళ్ల బాత్రూముదే.