6 మిల్లీమీటర్ల సైనికులతో ఏడేళ్లు

ఏడేళ్లలో నా దగ్గర చేరిన బొమ్మ సైనికులు దాదాపు 2,400 మంది. ఒక్కొక్కరి ఎత్తు 6 మిల్లీమీటర్లు, అంటే సోనా మసూరి గింజంత. వాళ్లను కొన్నది, రంగు వేసింది, బేస్‌ల (అడుగున ఉండే చిన్న పలకల) మీద అతికించింది, ఆడించింది నేనే. బొమ్మ సైన్యాలతో టేబుల్ మీద పాత యుద్ధాలు ఆడే ఈ ఆట మొదలుపెట్టాలనుకుని, నెపోలియన్ కాలపు సైన్యాన్ని ఏ సైజులో కట్టుకోవాలో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అందరిలాగే నేనూ 28 మి.మీ. బొమ్మలతోనే మొదలుపెట్టాను. అవి చాలా అందంగా ఉంటాయి. కోటు గుండీలు లెక్కపెట్టవచ్చు, మీసాలు కూడా వేయవచ్చు. కానీ 24 బొమ్మలున్న ఒక్క ఫ్రెంచి బెటాలియన్ (దళం) పూర్తి చేయడానికి నాకు నెల పట్టింది. నాలుగు బెటాలియన్లు అయ్యాక టేబుల్ మీద పేర్చి చూశాను. ఒక్కొక్కడూ వీరుడిలా ఉన్నాడు గానీ, అంతా కలిపి చూస్తే సైన్యం కాదు, వందమంది లోపు మనుషులే.

ఆ ఏడాది వేసవిలో బెల్జియం వెళ్లి వాటర్లూ చూశాను. అక్కడ యుద్ధానికి గుర్తుగా కట్టిన సింహం దిబ్బకు 226 మెట్లు. పైకెక్కి చూస్తే పొలాలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. నాలుగైదు కిలోమీటర్ల వెడల్పున్న ఆ నేల మీద 1815 జూన్ 18న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ వైపు సుమారు 68,000 మంది, నెపోలియన్ వైపు సుమారు 73,000 మంది నిలబడ్డారు. అంత ఎత్తు నుంచి చూసేవాడికి మనిషి ముఖం కనపడదు, బారులు తీరిన దళాలే కనపడతాయి. నాకు టేబుల్ మీద కావలసింది ఆ దృశ్యమేనని అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది. తిరిగి ఇంగ్లండ్ వచ్చిన వారంలోనే షెఫీల్డ్‌లో తయారయ్యే బాకస్ వారి 6 మి.మీ. లోహపు బొమ్మలు ఆర్డర్ పెట్టాను. నలుగురేసి సైనికులు ఒకే పట్టీగా పోతపోసి ఉంటారు. పదాతిదళం ప్యాకెట్‌లో 96 మంది వస్తారు.

ఇప్పుడు అసలు విషయం. సైన్యం కట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది బొమ్మ గురించీ కాదు, రంగు గురించీ కాదు, బేస్ కొలత గురించి. ఇది నాకు మొదట్లో తెలియలేదు. అప్పుడు ఆడుతున్న ఒక రూల్స్ పుస్తకం 20 మి.మీ. చదరపు బేస్ అడిగిందని 300 మందిని అలాగే అతికించాను. ఏడాది తిరగకుండానే మా బృందం వేరే రూల్స్‌కు మారింది. ఆ 300 మందినీ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తెల్ల జిగురు మెత్తబడ్డాక చాకు మొనతో ఒక్కొక్క పట్టీనీ లేపాను. ఎన్నో బాయ్‌నెట్లు విరిగాయి. రంగులు గీసుకుపోయాయి. నాలుగు వారాంతాలు పోయాయి.

ఆ తర్వాత ఏ పుస్తకాన్నీ అడగలేదు, లెక్క నేనే వేసుకున్నాను. ఫ్రెంచివాళ్లు మూడు వరుసల్లో నిలబడేవారు. నిజంగా 600 మంది ఉన్న బెటాలియన్ అయితే ముందు వరుసలో 200 మంది, మనిషికి అర మీటరు పైచిలుకు చొప్పున 110 మీటర్ల వెడల్పు. బ్రిటిష్‌వాళ్లు రెండు వరుసలే కాబట్టి అదే 600 మంది 165 మీటర్ల దాకా పరుచుకుంటారు. టేబుల్ మీద 1 మి.మీ. అంటే నేల మీద 2 మీటర్లు అనుకున్నాను. 60 మి.మీ. బేస్ 120 మీటర్లవుతుంది. ఫ్రెంచివారికి కాస్త ఎక్కువ, బ్రిటిష్‌వారికి తక్కువ. అయినా రెండు పక్షాలకూ ఒకే కొలత ఉంటే ఏ రూల్స్‌లోనైనా ఇమిడిపోతుంది. అందుకే అందరికీ 60 x 30 మి.మీ. బేస్, బేస్‌కు ఒక బెటాలియన్. ఇదే లెక్కన 6 x 4 అడుగుల టేబుల్ మూడున్నర కిలోమీటర్ల యుద్ధభూమి అవుతుంది. ఆరేళ్లలో మూడు రకాల రూల్స్ మారాయి, నా బేస్ ఒక్కటి కూడా మారలేదు.

రెండు సైన్యాల తేడా చూపించడానికి వెడల్పును ముట్టుకోలేదు, లోతులో చూపించాను. పట్టీ వెడల్పు 20 మి.మీ. కాబట్టి బేస్‌కు అడ్డంగా మూడు పట్టీలు పడతాయి. ఫ్రెంచి బేస్ మీద మూడు వరుసలు, అంటే 36 మంది. బ్రిటిష్ బేస్ మీద రెండు వరుసలు, 24 మంది. ఇది అనవసరపు ఖర్చు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఫ్రెంచి దళాలు దట్టంగా గుంపు కట్టి ఎదురుగా వస్తుంటే, ఎర్రకోట్ల బ్రిటిష్‌వారి సన్నటి గీత వాటి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ కాలపు యుద్ధం గురించి చదివినదంతా ఆ ఒక్క తేడాలో కళ్ల ముందు కనిపిస్తుంది.

మొదటి కొనుగోలుకు నేను చెప్పేది వాటర్లూలో ఫ్రెంచి సేనాని డెర్లాన్ బ్రిటిష్‌వారి మీద చేసిన దాడి. యుద్ధం మొత్తం కట్టాలని ఆశపడకండి. అందులోని మార్కొన్యే డివిజన్‌లో 21, 25, 45, 46 నంబర్ల లైన్ (మామూలు పదాతి) రెజిమెంట్లు ఉన్నాయి, ఒక్కోదానికి రెండు బెటాలియన్లు. ఎనిమిది బేస్‌లు, 288 మంది, సరిగ్గా మూడు ప్యాకెట్లు. ఎదురుగా బ్రిటిష్ వైపు పిక్టన్ డివిజన్‌లోని ప్యాక్ బ్రిగేడ్‌కు నాలుగు బేస్‌లు. దీనిలో 42, 92 హైలాండర్లు కిల్టులు (స్కాట్లాండ్ గళ్ల లంగాలు) కట్టుకుంటారు. 1వ రెజిమెంట్ రాయల్ స్కాట్స్ పేరు చూసి వాళ్లకూ కిల్టు కట్టకండి, వాళ్లు మామూలు ప్యాంట్లే వేసుకున్నారు. వాళ్ల వెనక బ్రిటిష్ గుర్రపు దళం యూనియన్ బ్రిగేడ్. 45వ లైన్ తన గద్దను (జెండా కర్ర మీది గద్ద చిహ్నాన్ని) పోగొట్టుకున్నది ఆ బ్రిగేడ్‌లోని స్కాట్స్ గ్రేస్ చేతిలోనే. స్కాట్స్ గ్రేస్ తెల్ల గుర్రాలన్నీ ఒకే వరుసలో పరిగెత్తుతున్నట్టు పెడితే, వెయ్యిమంది ఉన్న టేబుల్ మీద కూడా చూపు ముందు అక్కడికే పోతుంది.

రంగుల విషయంలో 28 మి.మీ.లో నేర్చుకున్నదంతా పక్కన పెట్టాలి. నిజమైన ఫ్రెంచి ముదురు నీలం వేస్తే రెండడుగుల దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. రెండు మూడు ఛాయలు తేలిక చేసి వేయాలి. నల్ల ప్రైమర్ మీద కోటు, ప్యాంటు, ముఖం, చేతులు, ఛాతీ మీద తెల్ల పట్టీలు, తుపాకీ కర్ర, చివర ఒక వెండి గీత. షాకో టోపీ ప్రైమర్ నలుపులోనే వదిలేయొచ్చు. కళ్లు, గుండీలు వేయొద్దు. పట్టీలను ఐస్‌క్రీమ్ పుల్లలకు అతికించి, ఒక రంగు వంద మందికీ వేశాకే రెండో రంగు మూత తీయాలి. నేను వాడేది వయెహో కంపెనీ రంగు సీసాలు, ఏడేళ్లుగా చాలా బాగున్నాయి. మూడు సాయంత్రాల్లో ప్యాకెట్ మొత్తం అయిపోతుంది. వాటర్లూకు ముందు రాత్రి పడ్డ పెద్ద వాన వల్ల చాలామంది ఫ్రెంచివాళ్లు ఆ రోజు ఓవర్‌కోట్లలోనే పోరాడారు. అందుకని కొన్ని బెటాలియన్లకు బూడిద, గోధుమ రంగులు కలిపి వేశాను. నీలం మధ్య అది చాలా సహజంగా కనిపించింది.

వార్నిష్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక తడి నవంబరు సాయంత్రం గరాజ్‌లో స్ప్రే కొట్టాను. పొద్దున చూస్తే ఎనిమిది బేస్‌లు పాలు చల్లినట్టు తెల్లబారి ఉన్నాయి. గుండె జారిపోయింది. మెరిసే వార్నిష్‌ను బ్రష్‌తో పైన వేశాక చాలావరకు తేటపడింది, దాని మీద మళ్లీ మెరవని మ్యాట్ వార్నిష్ వేశాను. రెండు బేస్‌లకు మాత్రం మొదటినుంచీ రంగు వేయక తప్పలేదు. గాలిలో తేమ ఉన్న రోజు ఆ డబ్బా జోలికి పోకండి. ఇప్పుడు నేను బ్రష్ తప్ప ఏదీ వాడను.

జెండాలు కాగితంవే. సరైన కొలతకంటే కొంచెం పెద్దవి పెట్టుకోండి, బెటాలియన్‌ను దూరం నుంచి గుర్తుపట్టేది వాటితోనే. జిగురు తడిగా ఉండగానే వేళ్లతో కాస్త అలల్లా మడిస్తే జీవం వస్తుంది. మడత దగ్గర కనిపించే కాగితం తెల్ల అంచుకు రంగు పూయడం మరచిపోవద్దు.

బేస్‌కు 2 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) మంచిది. మొదట వాడిన అట్టముక్కలు జిగురు, ఇసుక తడికి అప్పడంలా వంగిపోయాయి. అడుగున అయస్కాంతపు షీటు అతికించి, రేకు పరిచిన పెట్టెలో పెడతాను. రెండుసార్లు ఇల్లు మారాం, ఒక్క బొమ్మా కదలలేదు. బేస్ వెనక అంచు మీద రెజిమెంట్ నంబరు రాసి, డివిజన్‌కో రంగు గీత గీశాను. ఈ పని వాయిదా వేయకండి. ఈ సైజులో 25వ లైన్‌కూ 46వ లైన్‌కూ తేడా చెప్పేది ఆ అంచు ఒక్కటే. లేకపోతే ఆట మధ్యలో టెన్షన్.

లోపాలూ ఉన్నాయి. నెపోలియన్ ఎక్కడున్నాడో వచ్చినవాళ్లకు వేలుపెట్టి చూపించాలి. లాన్సర్ల బల్లేలు ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా వంగుతాయి. వరుస కట్టకుండా విడివిడిగా పోరాడే బ్రిటిష్ 95వ రైఫిల్స్‌ను చెదిరి ఉన్నట్టు చూపాలంటే పట్టీని బ్లేడుతో కోసి ఒక్కొక్కరినీ విడదీయాలి, అది విసుగు పని. నలభై దాటాక భూతద్దం ఉన్న దీపం కావాలి. పదిమంది సైనికులు ఒక పల్లెలో తలపడే చిన్న ఆట మీకు ఇష్టమైతే ఈ సైజు మీకు కాదు, 28 మి.మీ.యే కొనుక్కోండి.

మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు టేబుల్ మీద వంగి చాలాసేపు చూసింది. "ముఖాలే లేవు కదరా వీళ్లకి" అంది. తర్వాత, "మన రేమండ్ సమాధి దగ్గర నీకు చెప్పేవాళ్లు నాన్నగారు, ఆ ఫ్రెంచి పటాలాలు ఇలాగే ఉండేవా?" అని అడిగింది. నేను పెరిగింది ఆ సమాధి ఉన్న మలక్‌పేటలో. నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలు తయారుచేసిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది ఆయన దళాన్ని ఇంగ్లీషువాళ్లు రద్దు చేయించారు. 1803లో మరాఠాల మీద అస్సయే యుద్ధం గెలిచిన ఆర్థర్ వెల్స్లీయే వాటర్లూ వెల్లింగ్టన్. ఎడమ వైపు ఎర్రకోట్ల వెనక గుర్రం మీదున్న చిన్న బొమ్మను చూపించి అమ్మకు ఆ మాట చెప్పాను. కళ్లజోడు సవరించుకుని ఆ బొమ్మను ఇంకోసారి చూసింది.

ఈ చలికాలం పని ప్రష్యన్లు, వాటర్లూలో వెల్లింగ్టన్‌కు తోడుగా వచ్చిన జర్మన్ సైన్యం. సాయంత్రం ప్లాన్‌సెన్వా పల్లె మీదికి వచ్చే, సేనాని బ్యూలో నడిపిన నాలుగో కోర్, అందులో ఎక్కువమంది లాండ్‌వేర్ (పౌరుల నుంచి కూర్చిన దళాలు). కొలత అదే, 60 x 30. పెట్టెలో రెండు అరలు ఖాళీ చేసి ఉంచాను. వాళ్ల వెనక అంచు గీతకు ఏ రంగు వేయాలో మా అబ్బాయి ఎంచాడు, పసుపు.