ఎంఎం 540కి వేయించిన ఫ్లేర్లు: పదకొండేళ్లు వాడి ఊడదీసిన తరువాత

మడ్‌గార్డుల అంచున బిగించి వాటిని బయటికి వెడల్పు చేసే ఫైబర్ ఫ్లేర్లు బండికి అందం తేలేదని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. నా కోపమంతా వాటిని బిగించే పద్ధతి మీదనే. అవి రేకుకు రంధ్రాలు పెట్టించి, ఆ రంధ్రాల చుట్టూ జరుగుతున్నది పదకొండేళ్ల పాటు నా కంట పడకుండా కప్పి ఉంచాయి. 1994లో రిజిస్టరైన నా మహీంద్రా ఎంఎం 540 జీపుకి 2013లో నాలుగు మడ్‌గార్డుల మీదా వీటిని వేయించాను. 2024లో ఆర్.సి. రెన్యువల్‌కు ముందు తీయించాను. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు మనసులో ఉన్న మాట నిజమే గానీ, నన్ను కదిలించినది అది కాదు. ఎడమ వెనుక ఫ్లేరు అంచున పెయింటు శనగగింజంత బుడగలా పొంగింది, వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది.

మొదటి రెండేళ్లలో అడిగిన వారందరికీ వీటిని మెచ్చుకుని చెప్పాను. వెడల్పు టైర్లు వేసిన ఓపెన్ జీపులో వానాకాలం అనంతగిరి ఘాట్ ఎక్కితే బురద నేరుగా ఒళ్లోకి వచ్చి పడేది, ఫ్లేర్లు వేశాక ఆగింది. ఆ మాటను ఇప్పుడూ వెనక్కి తీసుకోను. అయితే ఆగిన బురదంతా రోడ్డు మీదికే రాలిపోలేదు, కొంత ఫ్లేరుకూ రేకుకూ మధ్య సందులో చేరి అక్కడే ఉండిపోయింది. పైగా, సన్నటి టైర్లనే ఉంచుకుని ఉంటే అంత బురద పక్కలకు చిమ్మేదే కాదని ఇప్పుడు తెలుస్తోంది.

తీసే పని విశాఖపట్నం కంచరపాలెంలో ఒక పాత టింకరింగ్ షెడ్డులో జరిగింది. మొత్తం 34 స్క్రూలు, ముందు మడ్‌గార్డులకు తొమ్మిదేసి, వెనుక ఎనిమిదేసి. రెండు రోజుల ముందు నుంచే ప్రతి స్క్రూ మీదా తుప్పు వదిలించే ఆయిల్ పూటపూటా వేసి నాననిచ్చాము. అయినా మామూలు ఇనుప స్క్రూలు 26లో ఏడు మాత్రమే తిరిగాయి, మిగిలిన 19 తలలు తెగిపోగా వాటిని డ్రిల్లుతో తొలిచి తీయవలసి వచ్చింది. అంచున ఉన్న రబ్బరు బీడింగ్ రేకుకు అతుక్కుపోయి ఉంటే, హీట్ గన్‌తో వేడి చేసి, ప్లాస్టిక్ పలకతో నెమ్మదిగా వొలిచారు. ఇక్కడ తొందరపడి స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే బాగున్న పెయింటు కూడా లేచిపోతుంది.

ఎడమ వెనుక వైపు ఎనిమిది స్క్రూలు మాత్రం వేరే కథ. 2016లో అక్కడి ఇనుప స్క్రూలు తుప్పు పట్టాయని, మేలు చేస్తున్నాననుకుని నేనే వాటిని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో మార్పించాను. ఆ ఎనిమిదీ చేతితో తిప్పినంత సులువుగా వచ్చాయి, ఎందుకంటే అవి పట్టుకోవడానికి చుట్టూ రేకు మిగలలేదు. స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది, దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర రేకు లేదు. మేస్త్రీ ఒక ముక్కను వేళ్లతో విరిచి చూపించి, “బాబూ, ఇది రేకు కాదండి, అప్పడం” అన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలూ మామూలు ఉక్కూ ఉప్పు తేమలో ఒకదానికొకటి తగిలి ఉంటే ఉక్కే ముందు కరుగుతుంది. అందులోనూ పెయింటు చెదిరిన రంధ్రపు అంచే ఉక్కు బయటపడిన చోటు కాబట్టి, ఆ దాడి మొత్తం ఆ కాస్త మేర మీదనే పడుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పలక దక్కేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫ్లేరు ఊడి చేతికి వచ్చినప్పుడు దాని లోపలి బురద అచ్చుపోసిన గట్టి కడ్డీలా నిలబడింది. పైపొర నగరపు నల్లటి దుమ్ము, కింద ఏజెన్సీ రోడ్ల ఎర్రమట్టి, అన్నిటికన్నా అడుగున సముద్రపు ఇసుక, సరుగుడు ఆకులు. మా ఇల్లు చినవాల్తేరులో, బండి ఎప్పుడూ ఎడమ పక్క సముద్రం వైపు ఉండేలా ఆరుబయటే నిలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కూడా అక్కడే ఉంది, ఆ అడుగు పొర ఆనాటిదేనని నా నమ్మకం. వారం వారం బండి కడిగాను, కానీ బయటి నుంచి కొట్టిన నీళ్లు ఆ సందులోకి దిగి ఉప్పును తడిగా ఉంచాయే తప్ప బయటకు తేలేదు. చక్రం లోపలి వైపు నుంచి, కింది నుంచి పైకి నీళ్లు కొట్టి ఉండవలసింది.

మరమ్మతు గురించి క్లుప్తంగానే చెబుతాను. చిన్న రంధ్రాల వెనుక రాగి పలక ఆనించి మిగ్ వెల్డింగ్‌తో పూడ్చారు. వెల్డింగు రాగికి అంటుకోదు కాబట్టి రంధ్రం శుభ్రంగా నిండుతుంది. రేకు వేడెక్కి వంకర పోకుండా ఒక చుక్క ఇక్కడ, మరొకటి దూరంగా పెడుతూ పోయారు. ఎడమ వెనుక పలకను కోసి కొత్త రేకు వేశారు. రంధ్రాల మీద పుట్టీ పెట్టి దాచవద్దని మొదటే చెప్పాను, అందుకు మేస్త్రీ సంతోషించారు. ఎపాక్సీ ప్రైమర్, పెయింటు, లోపలి వైపు మైనం పూత, అన్నీ కలిపి 46 వేల రూపాయలైంది. ఫ్లేర్లకు ఆనాడు పెట్టినది తొమ్మిది వేలు.

నేను ఊహించని ఆనందం మరొకటి దక్కింది. ఫ్లేర్లు లేకుండా వెడల్పు టైర్లు బాడీ బయటికి పొడుచుకు రావడంతో, బయటికి జరిగిన ఆ రిమ్ములను కూడా తీసివేసి పాత 6.00-16 సన్న టైర్లు వేశాను. పవర్ స్టీరింగ్ లేని ఈ బండిని పూర్ణా మార్కెట్ సందుల్లో తిప్పడానికి ఇన్నేళ్లూ భుజాలు నొప్పిపుట్టేవి, అది బండి వయసు వల్లనని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నిలబడి ఉన్న చోట స్టీరింగ్ ఒక చేత్తో కదులుతోంది, గతుకులో పడినప్పుడు స్టీరింగ్ చేతిని కొట్టడం లేదు. మెత్తటి ఇసుకలో మాత్రం వెడల్పు టైర్ల లోటు తెలుస్తోంది. భీమిలి దాటాక ఇసుకలోకి దిగడం మానుకున్నాను.

కాబట్టి ఈ ఫ్లేర్లు ఎవరూ కొనవద్దని నేను అనలేను. బండి షెడ్డులో ఉండేవారికి, సముద్రానికి దూరంగా నర్సీపట్నం వైపో ఇంకా లోపలో తిరిగేవారికి, ఏటేటా వాటిని విప్పి లోపల శుభ్రం చేసుకునే ఓపిక ఉన్నవారికి నా అనుభవం వర్తించకపోవచ్చు. రేకుకు రంధ్రం పెట్టకుండా అంచును పట్టుకునే రకం దొరికితే నా అభిప్రాయం కొంత మారేది కూడా. నా చినవాల్తేరు బండికి మాత్రం ఇక వేయించను. ఫ్లేర్లు నాలుగూ అటక మీద ఉన్నాయి. మొన్నటి వానాకాలం తరువాత వెనుక ఎడమ అతుకు వెంట వేలు పెట్టి చూశాను, కుడి కొస దగ్గర ప్రైమర్ ఒక గీత మేర లేచింది, దాన్ని గీకి మళ్లీ పూత వేయించాలి.