తొమ్మిదేళ్ళుగా వాడుతున్న 22 వాట్ల ట్యూబ్ యాంప్: ఏ శైలికి సరిపోయింది, దేనికి సరిపోలేదు

గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే ఈ యాంప్‌ను (యాంప్లిఫయర్‌ను) తొమ్మిదేళ్ళుగా అట్టే పెట్టుకోవడానికి నాకున్న కారణం ఒక్కటే. దాని వాల్యూమ్ నాబ్‌ను 5 దాటి కొద్దిగా తిప్పి వదిలేస్తే, ఆ తర్వాత శుభ్రమైన టోన్ కావాలన్నా గరుకైన టోన్ కావాలన్నా గిటార్ మీదున్న చిన్న నాబే సరిపోతుంది. గిటార్ నాబ్ 6 దగ్గర ఉన్నప్పుడు కార్డ్‌లోని (కలిపి మీటిన స్వరాల్లోని) ప్రతి తీగా విడివిడిగా, గంట మోగినట్టు వినిపిస్తుంది. అదే నాబ్‌ను 10కి తెస్తే స్వరం అంచున ఇసుక రాలినట్టు సన్నని గరుకుదనం చేరుతుంది. ఇంకాస్త గట్టిగా మీటితే ఆ గరుకుదనం చిక్కబడి, స్వరం ఒక్క క్షణం అణగి మళ్ళీ పైకి ఉబుకుతుంది. పెడల్ తొక్కే పని లేదు, ఛానల్ మార్చే పని లేదు. వేలి బరువుకు ఇంత తక్షణంగా బదులు పలికే యాంప్ నా చేతికి మరొకటి రాలేదు.

ఇది ఫెండర్ సంస్థ 1963లో తెచ్చిన డీలక్స్ రివర్బ్ సర్క్యూట్‌ను అనుసరించి వేరొక తయారీదారు చేసిన కాంబో, అంటే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది. స్పీకర్‌ను నడిపే రెండు 6వి6 రకం పవర్ ట్యూబులు, ఒక 12 అంగుళాల స్పీకర్, 22 వాట్లు అంటే తెలిసినవారికి మిగతాదంతా తెలిసిపోతుంది కాబట్టి ఆ వివరాల్లోకి వెళ్ళను. కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఈ ఒక్క యాంప్ ఉంటే చాలు, ఏ శైలి అయినా వాయించుకోవచ్చు అని చెప్పేవాణ్ణి. ఆ మాట మీద ఇద్దరు మిత్రులు ఇలాంటిదే కొన్నారు. వారిలో ఒకరు హెవీ మెటల్ వాయిస్తారు. ఆయనకు నేనిచ్చిన సలహా సరైనది కాదని ఇప్పుడు ఒప్పుకోవలసి ఉంది. ఎందుకో తర్వాత రాస్తాను.

ట్యూబ్ యాంప్ ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది ట్యూబు పేరు. 6వి6 అయితే తొందరగా గరుకెక్కే మెత్తని టోన్, ఈఎల్84 అయితే మిలమిలలాడే పై స్థాయి, ఈఎల్34 అయితే రాక్‌కు కావలసిన ముదురు మధ్యస్థాయి, 6ఎల్6 అయితే ఎంత పెంచినా త్వరగా చెదరని శుభ్రత అని ఒక లెక్క వాడుకలో ఉంది. అందులో నిజం లేకపోలేదు గాని దాన్ని పట్టుకుని యాంప్ కొంటే పొరబడతాము. బ్రిటిష్ సంస్థ మార్షల్ తొలి యాంప్ అయిన జేటీఎం45 1962లో తయారైనప్పుడు దాని సర్క్యూట్ దాదాపుగా ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూటే. మొదటి దశలో 12ఏవై7 ట్యూబ్ ఉన్నచోట దానికి రెండింతలకు పైగా సిగ్నల్‌ను పెంచగల 12ఏఎక్స్7 తరగతి ట్యూబ్ చేరింది, జెన్సెన్ స్పీకర్లు ఉన్నచోట సెలెషన్ స్పీకర్లు వచ్చాయి, వెనక మూసిన పెట్టె వచ్చింది. అటువంటి కొద్ది మార్పులతోనే ఆ టోన్ పూర్తిగా వేరే సంగీతానికి పునాది అయింది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా అభిప్రాయం: మీరు వాయించే గదిలో, మీ డ్రమ్మర్ పక్కన, మీకు కావలసినంత శబ్దం వచ్చేసరికి ఈ యాంప్ ఇంకా శుభ్రంగా ఉంటుందా, గరుకెక్కడం మొదలుపెడుతుందా, లేక అప్పటికే పూర్తిగా చెదిరిపోతుందా? ఏ శైలికి ఏ యాంప్ అన్నది చాలావరకు ఈ ఒక్క సంగతి మీదే తేలుతుంది.

వాట్లు కూడా ఇక్కడే మోసం చేస్తాయి. 100 వాట్ల యాంప్‌కూ నా 22 వాట్ల యాంప్‌కూ మధ్య తేడా ఆరున్నర డెసిబెళ్ళు మాత్రమే. చెవికి శబ్దం రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. అంటే 22 వాట్లు చిన్న యాంప్ కాదు. నాకు ఇష్టమైన ఆ 5 దగ్గర ఇది పక్క గదిలోని మాటను కూడా మింగేస్తుంది. డ్రమ్స్ లేని చోట ఆ స్థానానికి చేరడమే కష్టం.

ఇక అసలు విషయం. నాలుగో ఏడాదిలో ఒక సాయంత్రం రిహార్సల్‌లో నిదానమైన బ్లూస్ ఒకటి వాయిస్తుండగా యాంప్ నుంచి సన్నని గుయ్యిమనే మోత మొదలైంది. ముందు గిటార్ కేబుల్ అనుకున్నాను. రెండు వరుసలు గడిచేసరికి మోత పెరిగింది, టోన్ పలచబడింది. వెనక్కి వెళ్ళి చూస్తే, రెండు పవర్ ట్యూబుల్లో ఒకదాని లోపల బూడిదరంగు లోహపు రేకు కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రగా కాలుతోంది. ట్యూబ్ మధ్యలో ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే, గాజు లోపలి గోడ మీద నీలపు మెరుపు కనిపించడమూ చాలాసార్లు మామూలే. కాని ఆ బయటి రేకు, అంటే ప్లేట్, ఎర్రబడితే మాత్రం క్షణం ఆగకూడదు. వెంటనే పవర్ కట్టేశాను. ఫ్యూజ్ పోలేదు. నేను చూడకపోయి ఉంటే ట్యూబుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోయేదేమో.

మరమ్మతుకు ఇచ్చాను. వారం తర్వాత రెండు ట్యూబులూ మార్చి, ఇక ఎర్రబడదని హామీ ఇచ్చి తిరిగి ఇచ్చారు. నిజంగానే ఎర్రబడలేదు. కాని ఇంటికి తెచ్చి అదే 5 దగ్గర పెట్టి మీటినప్పుడు, నేను ఏళ్ళుగా ఎరిగిన ఆ టోన్ అక్కడ లేదు. గట్టిగా వాయిస్తే శబ్దం ఉంది, శుభ్రత ఉంది, కాని ఉబుకు లేదు. మెల్లగా వాయిస్తే ఇంకా ఘోరం. స్వరం అణగిపోయేటప్పుడు, దాని తోక చివర్లో, ఎండుటాకు మీద గోరు గీసినట్టు ఒక పొడి చప్పుడు వచ్చేది. గిటార్ నాబ్ 6కి తగ్గిస్తే వినిపించవలసిన ఆ గంట నాదం స్థానంలో ఆ చప్పుడే ముందుకు వచ్చేది.

దాదాపు అయిదు నెలలు తప్పు నా వైపే ఉందనుకున్నాను. తీగలు మార్చాను, పికప్‌ల (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాల) ఎత్తు సరిచేశాను, కేబుల్ మార్చాను, మొదటి 12ఏఎక్స్7ను రెండుసార్లు మార్చాను, చివరికి స్పీకర్ కూడా మార్చాను. ఒక దశలో నా కుడిచేయి మొద్దుబారిందేమో అని కూడా అనుమానించాను. యాంప్ మరమ్మతు నుంచి వచ్చిన రోజునే ఈ మార్పు మొదలైందన్న సంగతి కళ్ళెదుటే ఉన్నా, కొత్త ట్యూబులు కదా, అవి బాగానే ఉంటాయి అన్న నమ్మకం నన్ను ఆ వైపు చూడనివ్వలేదు.

చివరికి మరో టెక్నీషియన్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పెద్దవారు, మాటలు తక్కువ. ట్యూబులు పీకి, సన్నని సూదితో సాకెట్‌లోని ఒక్కొక్క రంధ్రాన్నీ తాకి చూశారు. ఒక సాకెట్‌లో 5వ పిన్‌ను పట్టుకునే స్ప్రింగ్ రేకు విచ్చుకుపోయి ఉంది. 6వి6లో ఆ పిన్ గ్రిడ్‌ది. ట్యూబును అదుపులో ఉంచే సుమారు మైనస్ 35 ఓల్టుల బయాస్ ఆ పిన్ ద్వారానే లోపలికి వెళ్ళాలి. యాంప్ అదురుకు ఆ పట్టు ఒక్క క్షణం వదిలినా ట్యూబుకు కళ్ళెం తెగినట్టే, కరెంటు విచ్చలవిడిగా ప్రవహించి ప్లేట్ ఎర్రబడుతుంది. మొదటిసారి జరిగింది అదే. ఆయన రేకును దగ్గరికి నొక్కి, ట్యూబులు తిరిగి పెట్టి, మీటరు తగిలించి నాకు చూపించారు. ప్లేట్ మీద 415 ఓల్టులు, ఒక్కో ట్యూబులో ఐడిల్ కరెంట్, అంటే ఏమీ వాయించనప్పుడు ప్రవహించేది, 12 మిల్లీ ఆంపియర్లు.

"ఎర్రబడుతుందేమోనని దీన్ని మరీ అణిచిపెట్టారండీ," అన్నారు. "కారణం సాకెట్లో ఉంటే మందు బయాస్‌కు వేశారు. మీరు ఒక కార్డ్ వాయిస్తూ ఉండండి."

నేను ఓపెన్ ఈ కార్డ్ మెల్లగా మీటి వదిలాను. ఆ పొడి చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆయన లోపలి బయాస్ స్క్రూను వెంట్రుకవాసి తిప్పి 16 దగ్గర ఆపారు. మళ్ళీ మీటాను. చప్పుడు సగానికి పైగా పోయింది. 22 దగ్గర ఆపినప్పుడు కార్డ్ చివరిదాకా నునుపుగా అణగిపోయింది, ఆ తర్వాత గట్టిగా కొట్టిన దెబ్బకు స్వరం మునుపటిలా ఉబికింది. ఆ గదిలో నా కళ్ళు చెమర్చాయని దాచుకోకుండా చెబుతున్నాను. 415 ఓల్టుల దగ్గర 22 మిల్లీ ఆంపియర్లు అంటే ఒక్కో ట్యూబులో సుమారు 9 వాట్ల వేడి. 6వి6 భరించగల 14 వాట్లలో అది మూడింట రెండు వంతుల లోపే కాబట్టి భయపడవలసిన పని లేదని కూడా వివరించారు.

ఎందుకిలా జరిగిందో ఆ రోజే అర్థమైంది. ఇలాంటి యాంప్‌లో రెండు పవర్ ట్యూబులు సిగ్నల్‌ను చెరి సగం మోస్తాయి, తరంగం పై సగం ఒకటి, కింది సగం ఇంకొకటి. ఒకటి దించేలోగానే రెండోది అందుకోవాలి. ఐడిల్ కరెంట్ మరీ తక్కువైతే ఆ చేతులు మారే చోట ఇద్దరూ పట్టుకోని ఖాళీ ఏర్పడుతుంది. పెద్ద శబ్దంలో అది పెద్దగా తెలియదు. చిన్న శబ్దానికి మాత్రం ఆ ఖాళీయే సింహభాగం అవుతుంది. వేలి బరువుకు బదులు పలకడం అని నేను మురిసిపోయే గుణమంతా ఆ చిన్న శబ్దాల దగ్గరే ఉంటుంది కాబట్టి, అదే ముందుగా చచ్చిపోయింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: పవర్ కట్టేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 400 ఓల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు. కొలవడం తెలిసినవారి చేతనే చేయించండి. ట్యూబులు మార్పించిన ప్రతిసారీ బయాస్ ఎంతకు పెట్టారో, ప్లేట్ ఓల్టేజీ ఎంతో అంకెలు అడిగి రాసుకోండి.

ఆ అయిదు నెలల తంటాలో ఒక మేలూ జరిగింది. మార్చిన స్పీకర్ మధ్యస్థాయి బలంగా ఉండే బ్రిటిష్ తరహాది. బయాస్ సరి అయిన తర్వాత పాతదాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి విన్నప్పుడు, 12ఏఎక్స్7లు మార్చి వెతికిన తేడా కంటే ఎన్నో రెట్ల తేడా అక్కడ కనిపించింది. ఈ సర్క్యూట్‌లో మిడ్ నాబ్ లేదు, మధ్యస్థాయి సహజంగానే కాస్త గుంటపడి ఉంటుంది. ఆ గుంట శుభ్రమైన కార్డ్‌లకు అందమే గాని, రెండు గిటార్ల రాక్ బృందంలో మన గిటార్ వినిపించకుండా చేస్తుంది. కొత్త స్పీకర్ ఆ గుంటను కొంత పూడ్చింది. అయితే ఇలా మార్చేవారు స్పీకర్ ఎన్ని వాట్లు మోస్తుందో చూసుకోవాలి. సెలెషన్ గ్రీన్‌బ్యాక్ లాంటిది 25 వాట్లే మోస్తుంది, 22 వాట్ల యాంప్‌ను నిండా తిప్పితే 22 దాటి కూడా వస్తుంది కాబట్టి అక్కడ వెసులుబాటు లేదు.

మొదట్లో నేను చెప్పిన ఏ శైలి అయినా అన్న మాట దగ్గరికి వస్తాను. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల గిటార్‌తో బ్లూస్, కంట్రీ, పాత రాక్ అండ్ రోల్, రివర్బ్ (ప్రతిధ్వని) నిండిన నిదానమైన పాటలు వాయించేవారికి ఈ యాంప్ గురించి నేను అన్న ప్రతి మాటా ఇప్పటికీ నిలుస్తుంది. జాజ్‌కు మెడ వైపున్న హంబకర్ (రెండు తీగచుట్టలతో ఎక్కువ సిగ్నల్ ఇచ్చే పికప్) పెట్టి, యాంప్ వాల్యూమ్ 3 దాటకుండా, బాస్ తగ్గించి వాయిస్తే చక్కగా ఉంటుంది. కాని గట్టిగా కొట్టే డ్రమ్మర్ ఉంటే 4 దాటవలసి వస్తుంది, అక్కడికి హంబకర్ అప్పటికే గరుకెక్కిస్తుంది. జాజ్ వాదకులకు అది నచ్చదు, వారికి 6ఎల్6లతో ఇంకా పెద్ద యాంప్ కావాలి. హార్డ్ రాక్‌కు ముందు గరుకుదనం పెంచే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ పెడితే సరిపెట్టుకోవచ్చు. హెవీ మెటల్‌కు మాత్రం ఇది పనికిరాదు. అరచేయి ఆనించి కింది తీగను దడదడలాడించే ఆ వాయిద్యానికి బాస్ బిగువుగా, కోసినట్టు ఆగాలి. ఇక్కడ కరెంటును డీసీగా మార్చే ట్యూబ్ రెక్టిఫయర్ గట్టి దెబ్బకు అణగడం, వెనక తెరిచిన పెట్టె, ఒకే 12 అంగుళాల స్పీకర్ కలిసి ఆ దెబ్బను మెత్తని దిండు మీద కొట్టినట్టు చేస్తాయి. నాకు ముద్దొచ్చే ఆ ఉబుకే అక్కడ లోపం. ఆ శైలికి ప్రీయాంప్‌లో (పవర్ ట్యూబులకు ముందున్న భాగంలో) ఒకదాని వెనక ఒకటిగా సిగ్నల్‌ను పెంచే ఎక్కువ గెయిన్ దశలు, చివరి శబ్దాన్ని విడిగా తగ్గించే మాస్టర్ వాల్యూమ్, మూసిన పెట్టె ఉన్నవాటిని వినండి. నా మిత్రుడు చివరికి అటే మారారు.

ఇంట్లో ఒంటరిగా వాయించేవారికి దీన్ని సిఫారసు చేయడానికి కూడా వెనకాడతాను. ఆ అసలు టోన్ ఉన్నచోటికి నాబ్ తీసుకువెళ్ళడం ఇంట్లో కుదరదు, యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యూయేటర్ పెట్టి శబ్దం తగ్గిస్తే ఆ స్పర్శలో కొంత పోతుంది. అయిదారు వాట్ల చిన్న ట్యూబ్ యాంప్ అయితే వారికి ఎక్కువ ఆనందం ఇవ్వవచ్చు. నా సంగతి వేరు. వారానికి రెండుసార్లు మెత్తగా వాయించే డ్రమ్మర్‌తో ముగ్గురం కూర్చుంటాము, నా దగ్గర ఉన్నది ఒక్కటే సింగిల్ కాయిల్ గిటార్, నాకు గరుకు అంచున నిలిచే టోన్ తప్ప ఇంకేదీ పెద్దగా అక్కరలేదు. ఇవేవీ మీకు వర్తించకపోతే నా సంతోషాన్ని కొంత తగ్గించుకుని చదవండి.

ప్రస్తుతం ఉన్న ట్యూబుల జతకు రెండేళ్ళు దాటింది. ఏడాదికి ఒకసారి బయాస్ కొలిపిస్తున్నాను. కిందటి నెల ఒకటి 21, రెండోది 23 మిల్లీ ఆంపియర్లు చూపించాయి, 5వ పిన్ పట్టు గట్టిగానే ఉంది. ఆ రెండు మిల్లీ ఆంపియర్ల తేడా నా చెవికి తెలియడం లేదు కాబట్టి ఇంకొన్నాళ్ళు వీటితోనే వాయిస్తాను.