ఫ్రాంచైజీ సలహా సేవ: ఐదుకు మూడు నక్షత్రాలు

ఫ్రాంచైజీ (ఒక కంపెనీ పేరుతో, దాని పద్ధతిలో వ్యాపారం నడుపుకునే హక్కు) తీసుకోవాలా, సొంత పేరుతో వ్యాపారం మొదలుపెట్టాలా అని తేల్చుకోవడానికి ఒక సలహా సంస్థను ఆశ్రయించాను. వాళ్ల సేవ ఉచితం. ఎలా సాధ్యమని అడిగితే దాచకుండా చెప్పారు: ఒప్పందం కుదిరితే ఫ్రాంచైజీ ఇచ్చే కంపెనీ నుంచి వాళ్లకు కమీషన్ వస్తుంది. సొంతంగా పెట్టుకోమనే సలహా అక్కడ దొరకదని అప్పుడే అర్థమైంది.

అయినా సలహాదారు ఓపిక మెచ్చుకోదగినది. ఒప్పంద పత్రం వాక్యం వాక్యం చదివించారు. రాయల్టీ, అంటే కంపెనీ పేరు వాడుకున్నందుకు దానికి కట్టే వాటా, సాధారణంగా లాభం మీద కాదు, మొత్తం అమ్మకాల మీద అని గీత గీసి మరీ చూపించారు. నూటికి 6 రాయల్టీకి, 2 ప్రచార నిధికి అనుకుంటే, నష్టం వచ్చిన నెలలోనూ ఆ 8 కట్టి తీరాలి. సొంత వ్యాపారంలో ఆ 8 మన దగ్గరే ఉంటుంది. కానీ పేరు తెచ్చుకునే ఖర్చు, సరుకు ఎవరి దగ్గర కొనాలో నేర్చుకునే కాలం కూడా మనవే.

ఫ్రాంచైజీ వదిలేసి వెళ్లినవాళ్లతో మాట్లాడాలని అడిగితే మాత్రం మాట దాటేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. అమెరికాలోనైతే, ఫ్రాంచైజీ ఇచ్చే కంపెనీ తన వివరాలు తెలుపుతూ సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఇవ్వాల్సిన వెల్లడి పత్రంలో అలాంటివాళ్ల వివరాలు తప్పనిసరి. ఒప్పందం ముగిశాక అదే రంగంలో పోటీ వ్యాపారం పెట్టకూడదన్న నిబంధనను కూడా నేను అడిగేదాకా ప్రస్తావించలేదు.

పత్రం అర్థం చేసుకోవడానికైతే వెళ్లండి. సంతకానికి ముందు మాత్రం మీరే రుసుము చెల్లించి ఒక న్యాయవాదికి చూపించండి.